అమ్మే ఇంటికి ముస్తాబెందుకు?

కర్నూలులోనో కడపలోనో ఇల్లు అమ్మదలచుకున్నవాళ్ళకు ఈ మధ్య ముందుగా అందే సలహా ఒకటే. "ముందు ఇల్లు రెడీ చెయ్యన్నా, రేటు సంగతి తర్వాత చూసుకుందాం." రెడీ చెయ్యడమంటే గోడలకు లప్పం పెట్టించి కొత్త రంగులు వేయించడం, హాల్లో ఫాల్స్ సీలింగు దింపి అందులో పసుపు దీపాలు దాచడం, పాత నాపబండల మీద తెల్ల టైల్సు పరచడం. దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు, వంటింట్లో వరసగా పెట్టిన నీళ్ళ బిందెలు కంటబడకుండా సర్దెయ్యడం. వీలైతే సోఫా ఒకటి అద్దెకు తెచ్చి, వీడియో తీయించి, వెనక వీణపాట పెట్టి ఫోన్లలో తిప్పడం. పెద్ద ఊళ్ళలో దీన్ని హోమ్ స్టేజింగ్ అంటున్నారు. కర్నూలు బళ్ళారి చౌరస్తా దళారులకు ఆ పేరుతో పని లేదు గాని సారం వాళ్ళకూ ఎక్కింది. రెండు లక్షలు ఖర్చు పెడితే ఐదు లక్షలు ఎక్కువ వస్తుందన్న లెక్క కూడా దానితోపాటే వచ్చింది. ఆ లెక్కను ఎవరూ కాగితం మీద వేసి చూపరు.

నేను ఈ సలహాను ఒప్పుకోను. ఇల్లు కడిగి, కారే కొళాయి బాగుచేసి, విరిగిన గడియ మార్చి చూపించడం మర్యాద. దాని మీద నాకేమీ తగాదా లేదు. నా తగాదా అంతా అమ్మకానికి ముందు ఇంటికి ముసుగు వేసే పనితో. ఈ ఎండల నేలలో, ఈ రేగడి మీద, ఈ నీళ్ళ కరువులో ఆ ముసుగు ధరను పెంచదు. కొనేవాడికి తెలియవలసినదాన్ని తెలియకుండా చేస్తుంది, అంతే. అమ్మేవాడి డబ్బు ఎటూ పోతుంది.

ఈ విద్య ఎక్కడిదో ముందు చూద్దాం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బార్బ్ ష్వార్జ్ అనే ఇళ్ళ అమ్మకపు ఏజెంటు 1972 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టిందని చెబుతారు. ఇంటిని నాటకరంగంలా అమర్చి చూపడం ఆమె ఆలోచన. అక్కడ ఇది నిలబడడానికి కారణం ఉంది. అక్కడి చాలా రాష్ట్రాల్లో అమ్మేవాడు ఇంటి లోపాలను ఫారం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. కొనేవాడు ధర ఒప్పుకున్నాక కూడా ఇన్‌స్పెక్టరును పిలిపించి పునాది నుంచి పైకప్పు దాకా చూపించుకుంటాడు. లోపం తేలితే ధర తగ్గించమంటాడు, లేదా వెనక్కి పోతాడు. అంటే సోఫా, పూలకుండీ అక్కడ పై పొర. దాని కింద నిజం చెప్పించే ఏర్పాటు ఉంది. మనం పై పొరను మాత్రం దిగుమతి చేసుకున్నాం. కర్నూలులో ఇల్లు కొనేవాడికి ఇన్‌స్పెక్టరు ఎక్కడున్నాడు? తెలిసిన బేల్దారి మేస్త్రి ఒకడుంటే వాడిని బండి వెనక కూర్చోబెట్టుకుని పోతాడు. ఆ మేస్త్రి గోడను వేళ్ళతో తట్టి చూస్తాడు. మనమిచ్చే సలహా ఆ గోడకు లప్పం దట్టంగా పెట్టమని.

పోనీ, అక్కడైనా ధర పెరుగుతుందని తేలిందా? అమెరికా రియల్టర్ల జాతీయ సంఘం చేసే సర్వేలను ఈ వ్యాపారంవాళ్ళు తరచుగా చూపిస్తారు. ఆ సర్వేల్లో జవాబు చెప్పేది ఏజెంట్లే. వైద్యం పనిచేసిందా అని వైద్యుడినే అడిగి రాసుకున్నట్టు. 2015లో జర్నల్ ఆఫ్ హౌసింగ్ రీసెర్చ్‌లో లేన్, సీలర్ అనే ఇంటిపేరున్న మరో ఇద్దరు కలిసి రాసిన పరిశోధన వేరే దారి పట్టింది. ఎనిమిది వందల పైచిలుకు మందికి ఒకే ఇంటిని గోడ రంగులు, సామాను మార్చి మార్చి తెరమీద చూపించారు. బాగున్న ఇల్లు జనానికి నచ్చింది, బాగాలేనిది నచ్చలేదు. అయితే ఇస్తామన్న ధరలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నచ్చడం వేరు, రొక్కం తీయడం వేరు అన్న సంగతి మన సంత దళారికి ఏ పరిశోధనా లేకుండా తెలుసు.

ఇక మన దగ్గర ధర ఎట్లా కుదురుతుందో చూడండి. ఇక్కడ ఇల్లు మొత్తంగా ఒక ధర పలకదు. స్థలం సెంటు ఇంత, కట్టడం అడుగు ఇంత అని రెండు ముక్కలుగా తెగుతుంది. ఐదు సెంట్ల జాగా అంటే 242 గజాలు. ఆ వీధిలో మొన్న జరిగిన రిజిస్ట్రేషన్ ఎంతకు జరిగిందో వీధి చివర టీ బంకులో చెబుతారు. రోడ్డు ఎన్ని అడుగులు, మూల స్థలమా, తూర్పు వాకిలా, అక్కడ సెంటు ధర పెరుగుతుంది, తరుగుతుంది. కట్టడానికి వయసు చూసి కోత వేస్తారు. ఇరవై ఏళ్ళు దాటితే కొందరు కట్టడానికి లెక్కే కట్టరు. "పడగొట్టేదే కదా" అంటారు. బ్యాంకు పంపే వాల్యుయేషన్ ఇంజనీరు పద్ధతీ దాదాపు ఇదే. స్థలం విలువ, ప్లాన్ అప్రూవల్, కట్టిన సంవత్సరం, కట్టిన విస్తీర్ణం రాసుకుంటాడు. పసుపు దీపాలకు ఆయన ఫారంలో గడి లేదు. అప్పు లేకుండా ఇల్లు కొనేవాళ్ళు ఎంతమంది? అప్పు ఇచ్చేవాడు చూడని సొగసుకు రెండు లక్షలు పెట్టి, దానిమీద మూడు లక్షల లాభం వస్తుందనుకోవడం ఏ లెక్క?

మన నేల సంగతి మరిచిపోయినవాళ్ళే ఈ సలహా ఇవ్వగలరు. కర్నూలు, నంద్యాల, కోయిలకుంట్ల వైపు, ఇటు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు నల్లరేగడి ఎక్కువ. పత్తికి, శనగకు బంగారం. ఇంటికి మాత్రం గండం. వాన పడితే రేగడి ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుని బెత్తెడు వెడల్పున నోళ్ళు తెరుస్తుంది. పైనున్న పునాది దానితో లేస్తుంది, దిగుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకే బీట, తలుపు చట్రానికీ గోడకూ మధ్య సందు, రాత్రిళ్ళు బండలు పట్‌మనడం — రేగడి మీద కట్టుకున్నవాళ్ళకు ఇవన్నీ తెలిసిన చుట్టాలే. ఈ నేలకోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులను రూపొందించింది. చాలా ఇళ్ళకు అవి లేవు. ఖర్చు తగ్గుతుందని మామూలు రాతి పునాదితోనే లేపారు.

ఆ బీట ఒక సమాచారం. అది ఎటు పాకింది, ఎంత వెడల్పు, ఏటేటా పెరుగుతోందా, గిలాబు మందాన ఆగిందా, గోడంతా చీలిందా — వీటిని బట్టి అది వెయ్యి రూపాయల పనా, లక్షల పనా అని మేస్త్రి చెబుతాడు. దాని మీద లప్పం పెట్టి రంగు వేసినవాడు ఆ సమాచారం రాసిన కాగితాన్ని చించేసినవాడే. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ బీటలు వానల్లో మూసుకుని ఎండల్లో విచ్చుకుంటాయి. సెప్టెంబరులో పూసిన లప్పం ఏప్రిల్‌లో విచ్చుకుంటుంది. అప్పటికి రిజిస్ట్రేషన్ అయిపోయి, పాలు పొంగించి, కొత్త యజమాని ఆ గోడకే టీవీ తగిలించుకుని ఉంటాడు.

ఈ పొడి సీమలో దాచడం సులువని ఎవరూ గమనించరు. కోస్తాలో ఇంటి చెమ్మకు రంగు వేస్తే వచ్చే తుపానుకే బయటపడుతుంది. ఇక్కడ వానలు పడేది కొద్ది వారాలు. కర్నూలుకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, కడపకు వాటితోపాటు అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. వాటిమధ్య నెలలకు నెలలు ఎండ. స్లాబు ఎక్కడ కారుతుందో, ఏ గోడకు చవుడు పట్టిందో జనవరిలో చూసేవాడికి ఎట్లా తెలుస్తుంది? మరకలు చెప్పాలి. పైకప్పు మూల గోధుమరంగు వలయాలు, గోడ అడుగున తెల్లటి ఉప్పు పొర, చూరు దగ్గర ఊడిన పెచ్చులు — ఇల్లు తన వానాకాలం గురించి చెప్పే మాటలు ఇవే. ఫాల్స్ సీలింగు వాటికి సరిగ్గా అడ్డం పడుతుంది. లోపలి కడ్డీకి తుప్పు పట్టి కాంక్రీటు ఉబ్బి ఊడుతుంటే, కింద పీఓపీ పువ్వు నవ్వుతుంటుంది. ఫాల్స్ సీలింగు వేడిని కొంత ఆపుతుందన్న మాట నిజమే. ఆ పనికే అయితే స్లాబు పైన సున్నం పూయడం చాలా చవక, దానికింద దాగేదీ ఏమీ లేదు.

నీళ్ళ దగ్గరికి వద్దాం. కడపలో ఇల్లు చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు హాలు ఎట్లా ఉందని ముందు అడగరు. "నీళ్ళు యాన్నుంచి వస్తాయక్కా? దినమూ వస్తాయా, దినం మార్చి దినమా?" అని అడుగుతారు. సంపు ఎంత పడుతుంది, బోరు ఎన్ని అడుగులు, మే నెలలో మోటారు ఎన్ని నిమిషాలు పోస్తుంది, ఆ నీళ్ళతో పప్పు ఉడుకుతుందా. ఆఖరి ప్రశ్న ఫ్లోరైడూ లవణాలూ కొలిచే ప్రయోగశాలకన్నా ముందు పుట్టింది. ముస్తాబు సలహాదారులు వంటింట్లోని బిందెలను, డ్రమ్ములను దాచమంటున్నారే, ఆ బిందెలే ఈ ప్రశ్నలకు జవాబు. ఎనిమిది బిందెలు వరసగా ఉన్నాయంటే ఆ వీధికి నీళ్ళు ఎప్పుడెప్పుడు వస్తాయో తెలిసిపోతుంది. వాటిని అటక మీదికెక్కించి, గట్టు మీద ప్లాస్టిక్ పూలకుండీ పెడితే వచ్చినావిడ మెచ్చుకుంటుందనుకోవడం ఆవిడ తెలివిని తక్కువ చెయ్యడమే. ఆవిడ నేరుగా పెరట్లోకి పోయి సంపు మూత ఎత్తి చూస్తుంది.

వరద సంగతి ఇంకా బరువైనది. 2009 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీదికి వచ్చాయి. పాతబస్తీలో నీళ్ళు మొదటి అంతస్తుదాకా లేచాయి. దిగిపోయాక ఊరంతా గోడల మీద ఒకే మట్టాన బురద గీత మిగిలింది. ఆ గీత ఏ ఇంజనీరూ వేయలేనంత నిక్కచ్చి పటం; ఏ వీధి ఎంత పల్లమో ఇంటింటికీ రాసిపెట్టి పోయింది. తర్వాత రంగుల మీద రంగులు పడి ఆ గీత మాసిపోయింది. ఉండేవాళ్ళు చెరుపుకోవడాన్ని నేను తప్పు పట్టను. ఆ రాత్రిని రోజూ చూస్తూ బతకమని ఎవరినీ అనలేం. అమ్మేటప్పుడు మాత్రం దాని ఎత్తు నోటితో చెప్పాలి. కడపలో బుగ్గవంక 2001లో ఊరి మీద పడింది. 2020 నవంబరులో నివర్ తుపానుకు మళ్ళీ పల్లపు కాలనీల్లోకి వచ్చింది. ఆ మరుసటి ఏడు నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి వరద పులపత్తూరు, మందపల్లి ఊళ్ళను ఎట్లా ముంచేసిందో చూశాం. ఇంతా జరిగాక కూడా వంక పక్క ఇంటి వీడియోలో "ప్రశాంత వాతావరణం, చల్లని గాలి" అని చెబుతున్నారు. చల్లగాలి వచ్చేది వంక మీదుగానే గదా.

ఈ వీడియోల్లో ఇంటికి సంబంధం లేని అలంకారం కూడా చేరుతుంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చాక కర్నూలులో ప్రతి పాత ఇల్లూ "న్యాయ రాజధానికి దగ్గర" అయింది. 1953 నుంచి 1956 దాకా రాజధానిగా ఉండి, ఎ, బి, సి క్యాంపులను గుర్తుగా మిగుల్చుకున్న ఊరికి ఆ ఆశ ఉండడం సహజం. ఆ ప్రకటన కోసం చేసిన చట్టాలను 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. ఆ మాట నమ్మి సెంటుకు ఎక్కువ పెట్టినవాడికి మిగిలింది మాత్రం అదే సెంటు.

ముస్తాబువాళ్ళు మన రాతిమీద పడడం నాకు అన్నిటికన్నా కోపం తెప్పిస్తుంది. పాత బండలు "ఓల్డ్ లుక్" అట, టైల్సు పరచాలట. భూగర్భశాస్త్రంలో ఒక మహా శిలాద్రోణికే కడప పేరు పెట్టారు; విలియం కింగ్ 1872లోనే కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఆ నేలలోంచి పలకలుగా లేచే నల్ల నాపరాయి దేశంలో ఎన్నో వంటిళ్ళకు గట్టు అయింది. ముంబైలో కూడా దాన్ని కడప అనే అడుగుతారు. బేతంచెర్ల పాలిష్ బండలు పరచిన నట్టింట్లో మే నెల మధ్యాహ్నం చాప కూడా లేకుండా పడుకున్నవాళ్ళకు వాటి విలువ చెప్పనక్కర్లేదు. అవి అరిగితే మళ్ళీ పాలిష్ పట్టించుకోవచ్చు. టైలు పగిలితే అదే రంగు, అదే నమూనా మళ్ళీ దొరకదు. నాపరాయికి ఒక బలహీనత ఉంది: సున్నపురాయి గనక నిమ్మరసం, చింతపులుసు పడితే మొహం తెల్లబోతుంది. పాత వంటింటి గట్టు మీద ఆ తెల్లమచ్చలు ఉంటే నేనైతే సంతోషిస్తాను. ఆ గట్టు ఇన్నేళ్ళ పులుసులను ఓర్చుకుని కదలకుండా ఉందన్నమాట. ఆ గట్టు పైన టైలు అంటించి, దానికోసం డబ్బు తగలేసి, కొన్నవాడు మళ్ళీ దాన్ని ఊడగొట్టే పని ఎవరికి లాభం? టైల్సు షాపుకు.

సున్నం విషయంలోనూ ఇదే తెలివితక్కువ. మనవాళ్ళు ఉగాదికో, సంక్రాంతికో, రంజాన్‌కో, ఇంట్లో పెళ్ళికో గోడలకు సున్నం కొట్టుకునేవాళ్ళు. మట్టి మిద్దెలున్న ఊళ్ళలో వానలకు ముందు పైన చవుడు మట్టి కొత్తగా పరిచేవాళ్ళు. అది ఇంట్లో ఉండేవాళ్ళకోసం చేసే పని. సున్నం ఎండను తిప్పికొడుతుంది, పురుగును చంపుతుంది. గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. ప్లాస్టిక్ రంగు అట్లా పోనివ్వదు. రాతి గోడ, మట్టి గార ఉన్న పాత ఇంటికి లప్పం, మెరుపు రంగు పట్టిస్తే చెమ్మ లోపల చిక్కి, ఏడాది తిరక్కుండానే బుడగలు లేచి పొరలు పొరలుగా రాలుతుంది. అమ్మకం కోసం చేసిన సింగారం ఇంటి ఆయుష్షునే తినేస్తుంది.

మన సీమలో అన్నిటికన్నా పాత ముస్తాబు వాస్తు. అమ్మే ముందు వాస్తు సరిచేయిస్తే ఇల్లు త్వరగా పోతుందంటారు. వాస్తు నిజమా కాదా అన్న చర్చ ఇక్కడ నాకొద్దు. కొనేవాళ్ళలో ఎక్కువమంది నమ్ముతారు, అది బజారు సత్యం. ఆ సత్యాన్ని ఒప్పుకున్నా ఈ సలహా నిలవదు. ఎందుకంటే కొనేవాడు తన సిద్ధాంతిని తెచ్చుకుంటాడు. మీ సిద్ధాంతి గేటును ఈశాన్యం జరిపితే, ఆయన సిద్ధాంతి దాన్ని ఇంకో రెండడుగులు జరపమంటాడు. మెట్లు మీరు నైరుతికి మారుస్తారు, ఆయన దక్షిణానికి. ఇద్దరి ఖర్చూ ఇంటికి పట్టిన గునపపు దెబ్బలే. పాత ఇళ్ళలో బరువు మోసేది గోడే, పిల్లర్లు ఉండవు. అట్లాంటి గోడలో కొత్త వాకిలి తెరవడం, పాత వాకిలి మూయడం పొరపాటున కూడా చెయ్యరాని పని. ఇంకా దారుణం, ఆగ్నేయంలోనో నైరుతిలోనో ఉందని బావిని పూడ్చడం. ఎండిపోయిన బోర్ల పక్కన కొత్త బోరు వేయడానికి అప్పులు చేసే నేలలో, వాననీళ్ళు ఇంకించుకోవడానికి పనికొచ్చే బావిని మట్టితో నింపి పైన టైల్సు వేసి "క్లియర్ వాస్తు" అని రాసుకుంటారు. నేను కొనేవాణ్ణయితే ఆ బావికి అదనంగా డబ్బిస్తాను.

పటాలు, ఫోటోలు తీసెయ్యమన్న సలహా మీద ఒక్క మాట. ఇల్లు ఎవరిదో తెలియకుండా ఉంటే కొనేవాడు తనను అందులో ఊహించుకుంటాడట. మన ఊళ్ళలో కొనేవాడు గడప తొక్కకముందే అమ్మేవాడి ఇంటిపేరు, కులం, మతం కనుక్కుని ఉంటాడు. దళారి మొదట చెప్పేదే అది. "మనోళ్ళకే ఇస్తాం" అనే అమ్మకందారులున్న చోట, దళితుడికో ముస్లిముకో ఇల్లు అమ్మేది లేదని తలుపు దగ్గరే చెప్పేవాళ్ళున్న చోట, గోడ మీది ఫోటో తీసినంత మాత్రాన ఇల్లు అందరిదీ అయిపోదు. ఆ జబ్బుకు మందు వేరే.

ఇల్లు అమ్మకానికి నిజంగా సిద్ధం చెయ్యాలంటే పని బీరువాలో మొదలవుతుంది. ఇక్కడ కుదిరిన బేరాలు చెడిపోయేది గోడ రంగు వల్ల కాదు, సంతకాల వల్ల. అగ్రిమెంటు రాసుకుని అడ్వాన్సు ఇచ్చాక లింకు డాక్యుమెంటు ఒకటి దొరకదు. ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీలో ఎప్పటిదో తనఖా తేలుతుంది, అప్పు తీరింది గాని రద్దు పత్రం రాయించలేదు. ఇంటి సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింది నిషేధిత జాబితాలో కనబడుతుంది. ప్లాన్‌లో ఒక అంతస్తు, నేల మీద రెండు. ఇంటిపన్ను ఇంకా చనిపోయిన తాత పేరు మీదే.

అందులోనూ అసలు చిక్కు అక్కచెల్లెళ్ళది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు అది పుట్టుకతో వచ్చేదేనని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని తేల్చింది. తండ్రి సొంత సంపాదన అయినా, వీలునామా లేకుండా పోతే, కూతుళ్ళకు భాగం 1956 నుంచే ఉంది. ఇన్ని చట్టాలున్నా మన ఇళ్ళలో "పెండ్లి చేసి పంపినాం గదా" అన్న మాటే చట్టంగా నడుస్తోంది. అన్నదమ్ములిద్దరూ ఫాల్స్ సీలింగుకు ఖర్చు పంచుకుంటారు. ఆళ్ళగడ్డలో ఉన్న చెల్లెలికి ఫోను చెయ్యరు. ఆమె వాటా ఆమెకిచ్చి రిజిస్ట్రారు ముందు సంతకం చేయిస్తే ఆ ఇంటి ధర ఎంత పెరుగుతుందో ఏ దళారినైనా అడగండి. వివాదం ఉన్న ఇంటికీ శుభ్రమైన ఇంటికీ మధ్య తేడా రంగు డబ్బాల్లో కొలిచేది కాదు.

చట్టం సంగతి ఎత్తాను గనక ఇంకొకటి. దాచడం వ్యాపారంలో మామూలే, చూసుకోవలసిన బాధ్యత కొనేవాడిదే అని చాలామంది నమ్మకం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అట్లా అనదు. వేరే ఒప్పందం లేనప్పుడు, తనకు తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో అతను కనుక్కోలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో గాని హక్కులో గాని ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షన్ మోసమనే పిలుస్తుంది. ఉన్న బీటను మామూలు కంటికి కనబడకుండా చేసినవాడు ఈ సెక్షన్‌లోకి తనే నడిచివెళ్తున్నాడు. రెరా చట్టం బిల్డరును ఐదేళ్ళపాటు కట్టడపు లోపాలకు బాధ్యుణ్ణి చేసింది. చేతులు మారే పాత ఇంటికి అది వర్తించదు. పాత ఇంటికి ఆ పాత సెక్షనే దిక్కు. దానికోసం కోర్టుకెక్కేవాళ్ళు తక్కువ, నిజమే. ఎక్కితే తీర్పు ఎప్పటికి వస్తుందో తెలుసు గనక కొన్నవాడు తిట్టుకుని ఊరుకుంటాడు. అతని తిట్లు మాత్రం ఊరుకోవు. కడపంత ఊళ్ళో, ఒకే బజార్లో తిరిగే జనంలో, ఆ ఇల్లు అమ్మినవాడి పేరు పదేళ్ళు నిలుస్తుంది.

ఇక్కడ ఎదుటివాళ్ళ వాదనలో బలమైనది ఒకటుంది, దాన్ని తప్పించుకోను. "అందరూ ముస్తాబు చేస్తుంటే నేనొక్కణ్ణే బీటలు చూపిస్తూ కూర్చుంటే నా ఇల్లు వెనకబడదా?" ఫోన్లో చూసి ఇళ్ళు ఏరుకునే కాలం ఇది. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తూ, అమ్మానాన్నలకు కర్నూలులో ఇల్లు కొనే కొడుకు ముందు వీడియోనే చూస్తాడు. చీకటి గదుల ఫోటోలు చూసి పక్కకు జరిపేస్తాడు. ఈ మాటలో నిజం ఉంది. వెలుతురులో, శుభ్రంగా ఫోటోలు తీయండి, ఎవరొద్దన్నారు? ఇల్లు చూడడానికి రప్పించడం వరకే ఆ ఫోటో పని. వచ్చాక బేరం నడిచేది అనుమానం మీద. కొత్త రంగు వాసన తగలగానే మన కొనుగోలుదారు మనసులో మొదట లేచే ప్రశ్న "ఏం దాచినారప్పా?" అనేదే. ఆ అనుమానానికి అతను ధర కడతాడు. బీట కనబడితే దాని మరమ్మతుకు యాభైవేలు తగ్గించమంటాడు; కనబడకపోతే, ఏముందో తెలియదు గనక, రెండు లక్షలు తగ్గించి అడుగుతాడు. వరద గీత సంగతీ అంతే. ఆ వీధికి నీళ్ళొచ్చాయని ఊరందరికీ తెలుసు, సెంటు ధరలో ఆ కోత ఎప్పుడో పడిపోయింది. దాచితే కొత్తగా వచ్చే లాభం లేదు. చెబితే కొత్తగా పోయేదీ లేదు.

కాబట్టి అమ్మేవాళ్ళకు నేనిచ్చే సలహా చాలా చవకైనది. రంగులకు పెట్టే డబ్బులో కొంత తీసి స్లాబు కారే చోట నిజంగా బాగుచేయించండి. చేసిన మేస్త్రి బిల్లు దాచి పెట్టండి. బోరు నీళ్ళు పరీక్ష చేయించి ఆ కాగితం బయట పెట్టండి. ఈసీ, లింకు పత్రాలు, ప్లాన్, పన్ను రసీదులు జిరాక్సు తీసి వచ్చినవాళ్ళ చేతికివ్వండి. ఇల్లు చూడడానికి సాయంత్రం ఆరు గంటలకు దీపాలు వేసి పిలవకండి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి, కరెంటు పోయినప్పుడైనా సరే, పడమటి గదిలో పావుగంట కూర్చోబెట్టండి. ఆ గదిలో కూర్చోగలిగితే దాని రేటు మీరు చెప్పనక్కర్లేదు, వాళ్ళే చెబుతారు. కూర్చోలేకపోతే, పడమటి గోడకు నీడపట్టు పందిరి వేయడానికి ఎంతవుతుందో లెక్కగట్టి ఆ మేరకు ధర తగ్గించండి. దళారులకు ఇది నచ్చదు. రంగుల కాంట్రాక్టరు, సీలింగు కాంట్రాక్టరు, వీడియో తీసే కుర్రాడు, ముగ్గురూ వాళ్ళ దగ్గరివాళ్ళే. రెండు శాతం కమీషన్ ఇంటి ధర మీద అడిగితే ఇవ్వండి. ముస్తాబు మీద కూడా అడిగితే ఇంకో దళారిని చూసుకోండి, ఈ ఊళ్ళల్లో వాళ్ళకేం కరువు లేదు.